ఎండయు, కెమెరాయు

మిట్టమధ్యాహ్నము పాఠశాల ఆవరణలో, సున్నము వేసిన తెల్లగోడ ముందు విద్యార్థులను వరుసగా నిలిపి ఫోటో తీయుట వాడుక. తీరా ఫోటో వచ్చిన తరువాత చూచినచో, గోడ బూడిదరంగులోను, పిల్లల ముఖములు గుర్తింపరానంత నల్లగాను ఉండుట కద్దు. ఏడాదికొకసారి తీయు ఫోటోలో ముఖములే కనబడకున్నచో ఇక మిగులునదేమి? ఎండ అంత పుష్కలముగా ఉండగా ముఖములు ఎందుకు నల్లబడినవి?

ఫోటో సరిగా వచ్చుటకు ఫిల్ముపై గాని, నేటి కెమెరాలలో దాని స్థానమున ఉండు కాంతిఫలకముపై గాని తగినంత కాంతి పడవలెను. దీనిని ఎక్స్‌పోజరు అందురు. కటకద్వారపు వెడల్పు, షట్టరు తెరచియుండు కాలము అను రెండును దీనిని నియమించును. ద్వారపు సంఖ్య పెరిగినకొలది ద్వారము చిన్నదగును. ఎఫ్ 8 నుండి ఎఫ్ 16 కు మార్చినచో ద్వారపు వ్యాసము సగమగును. వైశాల్యము నాలుగవ వంతగును. కనుక కాంతియు నాలుగవ వంతే ప్రవేశించును.

ఎంత కాంతి కావలెనో నిర్ణయించునది కెమెరాలోని కాంతిమాపకము. అయితే అది ఎండను కొలువదు; వస్తువులపై పడి తిరిగివచ్చు కాంతిని మాత్రమే కొలుచును. ఎదుట నున్నది సున్నపు గోడయో, నల్లరాతి నందియో దానికి తెలియదు. ప్రతి దృశ్యమును మధ్యరకపు బూడిదరంగుగా చూపుటయే దాని పని. ఛాయాగ్రాహకులు వాడు బూడిదరంగు అట్ట తనపై పడిన కాంతిలో 18 శాతమును పరావర్తనము చేయును. తెల్లని గోడ సుమారు 80 శాతమును చేయును. అందుచే దృశ్యమంతయు గోడయే నిండినపుడు, కాంతి నాలుగింతలు ఎక్కువైనదని ఎంచి, కెమెరా దానిని తగ్గించును. గోడతోపాటు ముఖములును నల్లబడును.

ఎండ మాత్రము ఇంతగా మారదు. భూమి సూర్యునికి దగ్గరగా వచ్చు జనవరికిని, దూరమగు జూలైకిని నడుమ సూర్యకాంతిలో భేదము సుమారు 7 శాతమే. నిర్మలాకాశమున సూర్యుడు బాగుగా పైకి వచ్చిన తరువాత నేలపై పడు కాంతి ఇంచుమించు స్థిరముగా ఉండును. దీనినుండియే ఒక సులభ నియమము పుట్టినది: మంచి ఎండలో ఎఫ్ 16 ఉంచి, ఫిల్ము వేగము 100 అయినచో కాలమును 1/100 సెకనుగాను, 400 అయినచో 1/400 సెకనుగాను పెట్టవలెను. ఆ కాలము కెమెరాలో లేనిచో దానికి దగ్గర సంఖ్యను తీసికొనవచ్చును. పలుచని మబ్బు పట్టినపుడు ఎఫ్ 11, నీడలు కనబడనంత మబ్బులో ఎఫ్ 8, దట్టమైన మబ్బులోను, ఆకాశము కనబడు నీడలోను ఎఫ్ 5.6 సరిపోవును.

మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన పడుటచే కన్నుల క్రింద నీడలు ఏర్పడును. పిల్లలను చెట్టునీడకో, వరండాకో చేర్చుట మేలు. చేతిఫోనుతో తీయువారు తెరపై ముఖము ఉన్నచోట వ్రేలితో తాకినచో, పెక్కు ఫోనులు ఆ ముఖమును బట్టియే కాంతిని కొలుచును.

ఈ విషయమును విద్యార్థులే పరీక్షింపవచ్చును. ఒక తెల్ల దుప్పటిని, ఒక నల్ల గొంగళిని ఒకే ఎండలో ఆరవేసి, కెమెరాను దాని ఇష్టమునకు వదలి, ఒక్కొక్క దానితో చిత్రమంతయు నిండునట్లు విడివిడిగా ఫోటో తీయవలెను. రెండును ఇంచుమించు ఒకే బూడిదరంగులో వచ్చును. తరువాత పై నియమము ప్రకారము ద్వారమును, కాలమును చేతితో అమర్చి తీసినచో దుప్పటి తెల్లగాను, గొంగళి నల్లగాను కనబడును.