మైనపు ప్రమిదలో గుంట పడితే బేరం పోయినట్టే!

దీపావళి దగ్గర పడుతోందంటే పల్లెల్లో కొందరు మహిళలు మట్టి ప్రమిదల్లో, గాజు గ్లాసుల్లో మైనం నింపి అమ్మకానికి సిద్ధం చేస్తుంటారు. పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పొయ్యి, గిన్నెలు, మైనం, వత్తులు ఉంటే ఇంటిపట్టునే నాలుగు రూపాయలు చేతికందుతాయి.

అయితే రాత్రి నిండుగా పోసిన ప్రమిద తెల్లవారేసరికి కొంప ముంచుతుంది. వత్తి చుట్టూ గుంట పడి, పైభాగం ఎగుడుదిగుడుగా తయారవుతుంది. "మైనం తక్కువ పోశారమ్మా" అంటూ పట్నంలో దుకాణదారు అలాంటి వాటిని పక్కన పెట్టేస్తాడు. పండుగ దాటితే వాటి వైపు చూసేవారుండరు. మైనం ఖరీదు, పడ్డ శ్రమ రెండూ నీళ్లపాలే.

గుంట ఎందుకు పడుతుంది?

ఇందులో తూకం మోసమేమీ లేదు. పారఫిన్ మైనం గుణమే అంత. కరిగినప్పుడు ఉబ్బుతుంది, గడ్డకట్టేటప్పుడు కుదించుకుపోతుంది. ఈ తరుగు సుమారు పదో వంతు ఉంటుంది. అంచులు, పైపొర ముందుగా చల్లారి బిగుస్తాయి. నడుమనున్న మైనం చివరగా గడ్డకడుతూ పైపొరను లోపలికి లాగేస్తుంది. ఒక్కోసారి పైకి నున్నగా కనిపించినా లోపల బోలుగా ఉంటుంది. వెలిగించాక అక్కడ కుంగిపోతుంది.

రెండు విడతలుగా పోయాలి

కాబట్టి ఒకేసారి నిండా పోయడం మానుకోవాలి. కిలో మైనం కరిగిస్తే 150 గ్రాముల దాకా రెండో విడతకు అట్టే పెట్టుకోవాలి. మొదటి విడత అంచుకు కాస్త దిగువగా పోయాలి. పైపొర బిగిసి, లోపల మెత్తగా ఉండగానే వత్తి పక్కన దబ్బనంతో రెండు మూడు చోట్ల పొడవాలి. దీంతో లోపలి బోలు బయటపడుతుంది. పూర్తిగా చల్లారాక, మిగిలిన మైనాన్ని మొదటిసారి కంటే కాస్త వేడిగా పోస్తే గుంట నిండి పైభాగం నున్నగా తేరుతుంది. రెండో పొర పలుచన గనుక మళ్లీ కుంగేది స్వల్పమే.

తడి, గాలి తగలరాదు

నూనె దీపాలకు కొత్త ప్రమిదలను నీళ్లలో నానబెట్టడం మన అలవాటు. మైనానికి అది పనికిరాదు. తడి ఉంటే బుడగలు లేచి పైన గుల్లలు పడతాయి. ప్రమిదలను బాగా ఎండబెట్టి, గోరువెచ్చగా ఉండగానే పోయాలి. గడ్డకట్టేదాకా కదపరాదు. ఫ్యాను గాలి, చలిగాలి తగిలితే పైపొర తొందరగా బిగిసి గుంట మరింత పెద్దదవుతుంది.

నిప్పుతో జాగ్రత్త

మైనం గిన్నెను నేరుగా మంటపై పెట్టరాదు. మరిగే నీళ్ల గిన్నెలో ఉంచి కరిగించాలి. పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లరాదు. మంట ఎగిసిపడుతుంది. పొయ్యి ఆర్పి, గిన్నెపై మూత వేయాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ఇప్పటికే గుంటలు పడినవి ఇంట్లో ఉంటే పారేయనక్కరలేదు. వత్తి పక్కన పొడిచి, వేడి మైనం పోస్తే అవీ అమ్మకానికి పనికొస్తాయి. ఒక పూట ఓపిక పడితే దుకాణదారు పక్కన పెట్టేసిన సరుకే మళ్లీ బేరానికి వస్తుంది.