పాత కంప్యూటర్‌లో బూట్ కాని సీడీ

ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ నుంచి కంప్యూటర్ నేరుగా మొదలవడానికి ఆధారం 'ఎల్ టొరిటో' అనే ప్రమాణం. ఫీనిక్స్ టెక్నాలజీస్, ఐబీఎమ్ కలిసి 1995 జనవరిలో దాన్ని వెలువరించాయి. ఆ పేరు కాలిఫోర్నియాలోని ఒక రెస్టారెంటుది. అంతకుముందు ఫ్లాపీతో కంప్యూటర్‌ను లేపి, అందులోని డ్రైవర్‌తో సీడీని చదివించేవారు.

సీడీ మీది సమాచారం 2048 బైట్ల సెక్టార్లుగా ఉంటుంది. సున్నా నుంచి లెక్కిస్తే 17వ సెక్టారులో బూట్ కేటలాగ్ చిరునామా దొరుకుతుంది. కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ అయిన బయాస్ దాన్ని పట్టుకుని కేటలాగ్‌కు వెళ్లి, అది చూపిన ప్రోగ్రామ్‌ను మెమరీలోకి తెస్తుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. సీడీలో కొంత భాగాన్ని ఫ్లాపీగా చూపించడం ఒక పద్ధతి, ఆ వేషం లేకుండా నేరుగా చదవడం మరొకటి. తొలినాళ్ల బయాస్‌లలో కొన్నింటికి మొదటిదే వచ్చు. విండోస్ ఎన్‌టీ 4.0 సీడీ రెండో పద్ధతిది కాబట్టి అలాంటి యంత్రాల్లో కదిలేది కాదు. సీడీలో లోపం లేదు, డ్రైవులోనూ లేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 2000కు 4, ఎక్స్‌పీకి 6 బూట్ ఫ్లాపీలు అందుబాటులో ఉంచింది ఇలాంటి యంత్రాల కోసమే.

కంచికచర్ల లాంటి ఊళ్ల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఎక్స్‌పీ యంత్రాన్ని అట్టిపెట్టుకున్నవారికి ఈ చరిత్ర పనికొచ్చేదే. యంత్రం ఎక్కడ ఆగిందో గమనిస్తే సగం పని అయినట్టే.

సీడీ డ్రైవు లైటు వెలగకుండానే హార్డ్ డిస్కు మొదలైతే బూట్ ఆర్డర్ చూడాలి. గడియారం కూడా వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఎమ్ఓఎస్ బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చకపోతే సరిచేసిన సెట్టింగు మళ్లీ చెరిగిపోతుంది.

లైటు వెలిగీ ఫలితం లేకపోతే డిస్కును మరో కంప్యూటర్‌లో తెరవాలి. అందులో ఒకే ఒక ఐఎస్ఓ ఫైలు కనిపిస్తే, ఇమేజ్‌గా రైట్ చేయాల్సినదాన్ని మామూలు ఫైలుగా కాపీ చేశారన్నమాట. అదే ఎక్కువగా జరిగే పొరపాటు. సీడీ-ఆర్‌డబ్ల్యూ కాంతిని తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి పాత డ్రైవులు దాన్ని చదవలేకపోవచ్చు. డీవీడీ అయితే సీడీ డ్రైవుకు అసలే లొంగదు: సీడీ లేజర్ 780 నానోమీటర్లు, డీవీడీది 650.

మెనూ వచ్చి ఆ తర్వాత ఆగితే డిస్కు బూట్ అయినట్టే. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది ప్రాసెసర్‌ను. 64-బిట్ సిస్టమ్ 32-బిట్ చిప్ మీద నడవదు. 32-బిట్ సిస్టమ్‌కూ ఒక మెలిక ఉంది: లినక్స్ సిస్టమ్ ఉబుంటు 2012లో 12.10 నుంచి, ఎక్కువ మెమరీని వాడుకోనిచ్చే పీఏఈ సదుపాయం లేని ప్రాసెసర్లను వదిలేసింది. పెంటియమ్ ఎమ్ చిప్‌లు కొన్నింటిలో ఆ సదుపాయం ఉన్నా అవి ఆ సంగతి చెప్పవు. అలాంటి ల్యాప్‌టాప్‌ల కోసం 14.04లో 'ఫోర్స్‌పీఏఈ' అనే ఆదేశం చేర్చారు. బూట్ మెనూలో దాన్ని టైప్ చేస్తే అదే డిస్కు ఎక్కుతుంది.