పేరు గుత్తిది... ఇల్లు నల్లమలది!

మా అమ్మమ్మగారి ఊరు గుత్తి. చిన్నప్పుడు సెలవులకు వెళితే కొండ మీద కోట, కింద రైల్వే జంక్షన్... ఆ రెండే మా లోకం. అదే ఊరి పేరుతో, నీలమణిలా మెరిసే సాలెపురుగు ఒకటి ప్రపంచమంతా పేరు తెచ్చుకుందని ఈమధ్యే తెలిసింది. వెంటనే మామయ్యకు ఫోన్ చేశా.

‘‘నీలం సాలెపురుగా? పుట్టినకాడ్నుంచి ఈడే ఉండా, ఎప్పుడూ చూడలేదప్పా!’’ అన్నాడు.

ఆయన తప్పేం లేదు. 1899లో దీని వివరాలు రాసి ‘పొయికిలోథీరియా మెటాలికా’ అని పేరు పెట్టింది పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. దాంతో దాని ఊరు గుత్తి అనే నమోదైపోయింది. ఆ తర్వాత నూరేళ్లపాటు దాని జాడే లేదు. చివరికి 2001లో, గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. బహుశా అప్పట్లో కలపతోపాటు రైలెక్కి వచ్చి గుత్తిలో దిగి ఉంటుంది!

ఊరి దగ్గర పొరబాటు జరిగినా కుటుంబం దగ్గర జరగలేదు. ఇది టారంటులాల కుటుంబం... శాస్త్రీయంగా చెప్పాలంటే థెరాఫోసిడే. ఎంత అందంగా ఉన్నా, కుటుంబాన్ని తేల్చేది రంగు కాదు, ఒంటి నిర్మాణం. మన ఇళ్లల్లో కనిపించే చాలా సాలీళ్ల కోరలు కత్తెరలా అడ్డంగా కలుస్తాయి. వీటివి పక్కపక్కనే ఉండి, గడ్డపార పోటులా పైనుంచి కిందికి దిగుతాయి. పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు వీటికి రెండు జతలు. ఇంటి సాలీళ్లకు మహా అయితే ఒక జత. కాళ్ల చివర ఉండే నూగు కుచ్చులతో నున్నటి బెరడునైనా పట్టుకుని ఎక్కేస్తాయి. ఈ కుటుంబంలోనే పొయికిలోథీరియా ప్రజాతికి చెందినవి చెట్ల మీద బతుకుతాయి. సహజంగా అవి ఉండేది మనదేశంలో, శ్రీలంకలో మాత్రమే.

ఆ చెట్టే ఇప్పుడు సమస్య. ఈ సాలీడు పెద్ద చెట్ల తొర్రల్లో కాపురముంటుంది. కలపకనీ వంటచెరకుకనీ ఆ చెట్లు కొట్టేస్తే దానికి మరో ఇల్లు లేదు. పైగా ఆ నీలం రంగు మీద మోజుతో విదేశాల్లో పెంచుకునేవాళ్లూ ఎక్కువే. వంద చదరపు కిలోమీటర్లలోపు అడవికే పరిమితమైందంటూ 2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది.

ఇదంతా చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు... ‘‘పేరు మాత్రం మాదన్నమాట. పోనీలే, ఆ చెట్లన్నా కొట్టకుంటే సాలు!’’