మూస – దృశ్యం

లోహాన్ని కరిగించి వస్తువులు చేసేవారు ముందుగా అచ్చును సిద్ధం చేసుకొంటారు. ఆ అచ్చుకే మూస అని పేరు. మూస ఉన్నందువల్ల ఒకే ఆకృతిగల వస్తువులు తక్కువ శ్రమతో, తక్కువ కాలంలో తయారవుతాయి. అయితే తెలుగులో ఈ మాటకు మరొక ఛాయ కూడా ఉంది. కొత్తదనం లేని రచనను మూసరచన అనీ, అందరూ నడిచిన దారినే నడిచే ఆలోచనను మూసధోరణి అనీ విమర్శకులు అంటారు. శ్రమను తగ్గించే సాధనమే ఆలోచనకు సంకెల కూడా కాగలదని ఈ ఒక్క మాట హెచ్చరిస్తుంది. కంప్యూటర్ రంగంలో 'టెంప్లేట్' అని వ్యవహరించేది ఇటువంటి మూసనే. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోను కూర్చేవారికి అది తొలిమెట్టు.

సినిమా పుట్టిన తొలినాళ్ళలో కూర్పు అంటే చేతిపని. ఫిల్మును కత్తిరించి, కావలసిన ముక్కలను వరుసగా అతికించేవారు. తరువాతి కాలంలో ఆ పని కంప్యూటరులోకి మారింది. 2005లో యూట్యూబ్ ప్రారంభమైన తరువాత వీడియోను ప్రపంచానికి చూపడం సామాన్యులకు కూడా సాధ్యమైంది. ఆపై బ్రౌజర్‌లోనే వీడియోను కూర్చగల సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఆస్ట్రేలియాలో పుట్టిన కాన్వా, చెన్నైలో మొదలైన యానిమేకర్, ముంబైలో మొదలైన ఇన్‌వీడియో ఈ కోవలోనివే. వీటన్నిటిలోనూ వాడుకరి ఖాళీ తెరతో కాక, ఎవరో ముందుగా రూపొందించిన టెంప్లేట్‌తో పని మొదలుపెట్టవచ్చు.

టెంప్లేట్ అనేది కొన్ని దృశ్యాల వరుస. ప్రతి దృశ్యానికీ నిర్ణీతమైన వ్యవధి ఉంటుంది. దానిలో పొరలు పొరలుగా నేపథ్యచిత్రం, బొమ్మలు, అక్షరాలు, ధ్వని అమరి ఉంటాయి. ఒక దృశ్యం నుండి మరొక దృశ్యానికి ఎలా మారాలో కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. వాడుకరి ఆయా స్థానాలలో తన చిత్రాన్నీ, తన మాటనూ, తన గొంతునూ చేర్చుకొంటాడు. దృశ్యాలను ముందువెనుకలుగా మార్చవచ్చు, పొడిగించవచ్చు, తొలగించవచ్చు. పని జరుగుతున్నప్పుడు తెరపై కనిపించేది చాలావరకు తేలికపాటి నమూనా మాత్రమే. పూర్తి నాణ్యతగల వీడియో చివరి ఆజ్ఞ ఇచ్చిన తరువాతనే తయారవుతుంది. 1920 x 1080 కొలతగల ఒక్క చిత్రంలో 20,73,600 బిందువులు ఉంటాయి. సెకనుకు 25 చిత్రాల చొప్పున రెండు నిమిషాల వీడియోకు 3,000 చిత్రాలు కావాలి. ఇంత లెక్క చేయవలసి ఉన్నందువల్లనే తుదిరూపం రావడానికి కొంత సమయం పడుతుంది.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో పరిశీలిస్తే దాని బలమూ, బలహీనతా రెండూ స్పష్టమవుతాయి. పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని పట్టణానికి పేరులోనే ఖని ఉంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. 1960 ప్రాంతంలో రామగుండం గనులు మొదలై, వాటి చుట్టూ కార్మికవాడలు వెలిశాయి. వెలుగునిచ్చే బొగ్గుకు ఈ నేల మూల్యం కూడా చెల్లించింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. అందువల్ల ఇక్కడ రక్షణ అనే మాట గోడమీది నినాదం కాదు. షిఫ్టుకు వెళ్ళిన మనిషి తిరిగి ఇంటికి చేరడమే దాని అర్థం. సంస్థ ఏటా రక్షణ పక్షోత్సవాలు నిర్వహించడం ఇందుకే.

ఆ సందర్భానికి ఈ ప్రాంతపు జూనియర్ కళాశాల విద్యార్థులు రెండు నిమిషాల వీడియోను తయారు చేయదలచారని అనుకొందాం. వారు ముందుగా టెంప్లేట్‌ను వెతకరాదు; చెప్పవలసిన విషయాన్ని నిర్ణయించుకోవాలి. గని ప్రమాదాలన్నిటినీ రెండు నిమిషాలలో చెప్పబూనితే ఒక్కటీ మనసున నిలవదు. పైకప్పు ప్రమాదం ఒక్కటే చెప్పాలని నిర్ణయించుకొంటే దృశ్యాలు వాటంతట అవే ఏర్పడతాయి. గని ముఖద్వారం వద్ద షిఫ్టు మారడానికి 10 సెకన్లు, పైకప్పు ఎందుకు వదులవుతుందో చెప్పడానికి 25, దానిని పరీక్షించే విధానానికి 40, అనుమానం కలిగితే చేయవలసిన పనికి 30, ముగింపునకు 15. మొత్తం 120 సెకన్లు. సెకనుకు రెండు మాటల చొప్పున చూసినా వ్యాఖ్యానం 240 మాటలు దాటరాదు. ఈ పట్టిక సిద్ధమైన తరువాత, దానికి దగ్గరగా ఉన్న టెంప్లేట్‌ను ఎన్నుకోవాలి.

ఇక్కడినుండి మూసతో పేచీ మొదలవుతుంది. మొదటిది చిత్రం. టెంప్లేట్‌లోని గని చిత్రం ఏ విదేశానిదో అయి ఉండవచ్చు. అక్కడి యంత్రాలు వేరు, పనిపద్ధతి వేరు. భూగర్భ గనిని గురించి చెబుతూ ఓపెన్‌కాస్ట్‌లోని డంపర్లను చూపితే కార్మికుడు అది తనకు సంబంధించిన మాట కాదనుకొంటాడు. అలాగని విద్యార్థులు సెల్‌ఫోన్‌తో గనిలోకి దిగి చిత్రించడం కుదరదు. మీథేన్ వాయువు ఉండే చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రాణాంతకం కనుక భూగర్భ బొగ్గుగనులలోకి మామూలు ఫోన్లను అనుమతించరు. అందువల్ల చేతితో గీసిన బొమ్మను వాడి, దానిపై 'నమూనా చిత్రం' అని రాయడమే నిజాయితీగల మార్గం.

రెండవది ధ్వని. సంతలో కుండ కొనేవారు దానిని తట్టి చూస్తారు. గనిలో పైకప్పును కూడా అలాగే కడ్డీతో తట్టి పరీక్షిస్తారు. రాతిపొర గట్టిగా ఉంటే కంగుమని మోగుతుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల శబ్దం వినబడిన చోట నిలబడక, ఇతరులను వెళ్ళనీయక, వెంటనే సర్దారుకో ఓవర్‌మన్‌కో తెలియజేయాలి. కప్పుకు ఊతం అమర్చేవరకు అటు పోరాదు. టెంప్లేట్‌లోనేమో మొదటినుండి చివరివరకు హుషారైన సంగీతం సాగుతూ ఉంటుంది. మూడవ దృశ్యంలో ఆ సంగీతాన్ని పూర్తిగా ఆపివేయకపోతే, కార్మికుని ప్రాణాన్ని కాపాడే ఆ రెండు శబ్దాల భేదమే వినిపించదు. అక్కడ వ్యాఖ్యానం కూడా కొంతసేపు ఆగాలి. వీడియో మొత్తంలో అతి ముఖ్యమైన దృశ్యం మాటలు లేనిదే.

మూడవది కాలం. ప్రకటనల కోసం రూపొందిన టెంప్లేట్లలో దృశ్యాలు మూడు నాలుగు సెకన్లకే మారిపోతుంటాయి. నేర్చుకొనేవానికి అంత వేగం పనికిరాదు. దృశ్యాల క్రమంలోనూ శ్రద్ధ అవసరం. ఒక దృశ్యానికి అర్థం దాని పక్కనున్న దృశ్యాన్నిబట్టి మారుతుందని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ప్రయోగపూర్వకంగా చూపారు. డొల్ల శబ్దం వెంటనే నవ్వుతున్న ముఖం వస్తే ప్రమాదం తేలికపాటి విషయంగా తోస్తుంది.

నాలుగవది లిపి. చాలా టెంప్లేట్లు ఆంగ్ల అక్షరాల కొలతతో తయారైనవి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఫాంటు సరిపడకపోతే 'జాగ్రత్త' అనే మాటలోని వత్తులే తెగిపోవచ్చు. యూనికోడ్ తెలుగు ఫాంటును ఎన్నుకొని, వరుసల మధ్య ఎడం పెంచి, ఒక్కొక్క తెరపై ఏడెనిమిది మాటలకు మించకుండా రాయాలి.

తుదిరూపం ఇచ్చేముందు వీడియోను అనుభవజ్ఞుడైన గని కార్మికునికి చూపించాలి. తప్పును సాఫ్ట్‌వేర్ కనిపెట్టలేదు. గనిలో జీవితం గడిపినవాడు కనిపెట్టగలడు. ఇతరుల సంగీతాన్నీ, చిత్రాలనూ వాడుకొనే ముందు వాటి అనుమతి నిబంధనలను కూడా చదవాలి.

ఇదే ఉత్తర తెలంగాణలో, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి అనే పల్లెనుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' లక్షలాది ప్రేక్షకులను ఆకట్టుకొన్నది. తమ ఊరిని, తమ మాటను, తమ మనుషులను ఉన్నవారిని ఉన్నట్లు తెరమీదికి తీసుకురావడమే దాని ప్రత్యేకత. ఏ మూసా ఆ ఊరిని ముందుగా తయారుచేసి ఇవ్వలేదు.

టెంప్లేట్ క్రమాన్ని ఇస్తుంది, సమయాన్ని ఆదా చేస్తుంది, కొత్తవారికి ధైర్యాన్నిస్తుంది. కాని ఏ చిత్రం నిజమో, ఏ శబ్దం వినిపించాలో, ఎక్కడ మౌనం వహించాలో అది చెప్పలేదు. ఆ నిర్ణయం వీడియోను కూర్చే మనిషిదే. మూసను వాడుకొనేవాడు నేర్పరి. ఎక్కడ దానిని విడిచిపెట్టాలో ఎరిగినవాడు వివేకి.