అడుగు గాలము వేయునప్పుడు త్రాళ్ళు చిక్కుపడకుండ చూచుకొనుట

గౌతమికి, వశిష్ఠకు నడుమ ఉన్న కోనసీమలో వలతోపాటు గాలము కూడ ఎందరికో బ్రతుకుదెరువు. అంతర్వేది వద్ద వశిష్ఠ, ఓడలరేవు వద్ద వైనతేయ సముద్రములో కలియుచున్నవి. ఇటువంటి మొగలలో జెల్లలు, పండుగప్ప వంటి చేపల కొరకు సీసపు గుండు కట్టిన గాలమును నేలకు దించుదురు. పోటుకు, పాటుకు నడుమ నీరు నిలిచియుండు వ్యవధి బహు కొద్ది. ఆ కాస్త సమయములో త్రాడు చిక్కుపడినచో విప్పుకొనుటలోనే నీరు మరలును, ఎర పాడగును, గాలము వ్రేలికి గ్రుచ్చుకొనును. మరల నీరు నిలుచుటకు సుమారు ఆరు గంటలు కాచుకొనవలెను. ఈ నష్టమును చాలవరకు గట్టుమీదనే, సరంజామా కట్టుకొనునప్పుడే తప్పించుకొనవచ్చును.

మొదట పురి సంగతి. నూలు త్రాళ్ళ స్థానములో నైలాన్ వచ్చినది. ఇది కుళ్ళదు గాని, చుట్టలో ఉన్న వంపును విడువదు. చుట్టను కదలనీయక కొస పట్టి లాగినచో చుట్టుకొక మెలిక త్రాటిలో చేరును. కావున చుట్టలో కఱ్ఱ దూర్చి, అది తిరుగుచుండగా త్రాడు తీయవలెను. తరువాత రెండు కొబ్బరి చెట్ల నడుమ బిగించి ఒక రాత్రి ఉంచవలెను. కోనసీమలో చెట్లు వెదకుకొను పని లేదు గదా! వాడుకలో పురి పట్టిన త్రాటికి గుండు, గాలములు తీసివేసి, ఒట్టి త్రాటిని నావ వెనుక నీటిలో వదలి కొంతదూరము పోయినచో పురి దానంతట అదే విప్పుకొనును.

ఎక్కువ గాలములు కట్టు పెద్దత్రాటిలో తప్పు అంతయు ఎడములోనే ఉన్నది. పిల్లత్రాడు మూరెడు పొడవున్నచో రెండు పిల్లత్రాళ్ళ నడుమ రెండున్నర మూరలైనను ఉండవలెను. అప్పుడు ప్రక్క ప్రక్క గాలములు ఒకదాని నొకటి అందుకొనలేవు. ఈ లెక్కన 50 గాలములకు సుమారు 125 మూరల త్రాడు కావలెను. ఆశపడి ఆ త్రాటికే 80 కట్టినచో ఎడము మూరన్నరకు వచ్చును. అవి ఒకదానితో నొకటి పెనవేసుకొనును. 80 గాలములు వేసి సగము చిక్కుతో లాగుకొనుటకంటె 50 చక్కగా వేయుటయే లాభమని మా అభిప్రాయము. పిల్లత్రాడు పెద్దత్రాటికంటె మరీ మెత్తగా ఉండరాదు, మెత్తనిది చుట్టుకొనును.

ఎరను గాలమునకు నిటారుగా గ్రుచ్చవలెను. వంకరగా గ్రుచ్చిన రొయ్య నీటిలో గిరగిర తిరిగి పిల్లత్రాటికి పురి ఎక్కించును. ఇత్తడి తిరుగుడు కడియము (స్వివెల్) వేసిన కొంత మేలు, కాని ఎర వంకర తీర్చనిదే అది ఒక్కటి చాలదు.

చేతిత్రాటికి గుండు చిట్టచివర, గాలములు దాని పైన జానెడు పిల్లత్రాళ్ళకు ఉండవలెను. గుండును ధబాలున వదలిన పిల్లత్రాళ్ళు పైకి లేచి త్రాటికి చుట్టుకొనును. బొటనవ్రేలితో అదుముచు నెమ్మదిగా దించి, నేల తగిలిన వెంటనే సడలు తీసివేయవలెను. అమావాస్య, పున్నమి రోజులలో నీటి వడి హెచ్చు గనుక బరువైన గుండు కావలెను. అష్టమి, నవమి తిథులలో తేలిక గుండు చాలును. ముందువైపు లంగరు వేసిన నావలో ఇద్దరు గాలము వేయునప్పుడు ముందున్నవాని గుండు బరువుగాను, వెనుకనున్నవానిది తేలికగాను ఉండవలెను. ఇది తారుమారైనచో ముందటి త్రాడు వడికి కొట్టుకొనిపోయి వెనుకదానిపై పడును. తరువాత తగవు ఎవరిదో చెప్పనక్కరలేదు.

లాగిన త్రాటిని నావలో కుప్పగా పడవేయరాదు. వెదురు గంప అంచుకు కొబ్బరి పీచుత్రాడు దట్టముగా చుట్టి, త్రాటిని గంపలో చుట్టలుగా పేర్చుచు, వచ్చిన గాలమును వచ్చినట్లే అంచున వరుసగా గ్రుచ్చవలెను. మరల వేయునప్పుడు చివర గ్రుచ్చినది మొదట తీయవలెను. ఒక్క గాలము వరుస తప్పినను గంప అంతయు చిక్కగును.

ఇంతచేసినను చిక్కుపడినచో బలముగా లాగరాదు, ముడి బిగియును. గుండు, గాలములు ముందుగా విప్పి, చిక్కును వదులు చేసి చూడవలెను. రాకున్న పిల్లత్రాటిని కోయవలెను గాని పెద్దత్రాటిని కోయరాదు. కోసిన నైలాన్ ముక్కలను నదిలో పారవేయక డబ్బాలో వేసి గట్టుకు తీసికొని రావలెను. అవి ఏండ్ల తరబడి నశింపక పక్షుల కాళ్ళకు, తాబేళ్ళకు, పొరుగువాని మోటారు పంకాకు చుట్టుకొనును.