ఇయర్ ప్యాడ్ చిరిగిందా? హెడ్‌ఫోన్ పారేయకండి, కొలత చూసి ప్యాడ్ మార్చండి

చెల్లెలి తెల్ల దుపట్టా నిండా నల్లటి పొట్టు. ఎక్కడిదా అని వెతికితే, సౌదీలో పనిచేసే భాయ్‌జాన్ మూడేళ్ల కిందట తెచ్చిన హెడ్‌ఫోన్‌ది. చెవికి ఆనే ప్యాడ్ పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. "సౌండ్ కూడా తగ్గిపోయింది, ఇంక కొత్తది కొనాల్సిందే" అని ఇంట్లో తీర్మానం అయిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

కానీ ఇలాంటప్పుడు చాలాసార్లు లోపలి స్పీకర్లు బాగానే ఉంటాయి. పాడైంది ప్యాడ్లు మాత్రమే. మామూలు ప్యాడ్ల జత కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అయితే ఏదో ఒకటి తెచ్చి తగిలిస్తే చెవి నొప్పి పెట్టొచ్చు, సౌండ్ కూడా మారిపోవచ్చు. అందుకే కొనేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మన దగ్గర ఎందుకు త్వరగా పాడవుతాయి?

ఎక్కువ హెడ్‌ఫోన్లకు వచ్చే ప్యాడ్ చూడటానికి తోలులా ఉంటుంది గానీ తోలు కాదు. గుడ్డ మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తారు. దీన్నే పీయూ లెదర్ అంటారు. గాలిలోని తేమ ఈ పూతను మెల్లమెల్లగా విడగొడుతుంది. భోగాపురం, కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. దానికి చెమట, తలనూనె, చెవి వెనక రాసుకునే అత్తరు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. వాడకుండా బీరువాలో దాచినా పీయూ ప్యాడ్ పాడవుతుంది. అందుకే "చవగ్గా వస్తున్నాయి కదా" అని నాలుగు జతలు కొని పెట్టుకోవద్దు. కావలసినప్పుడు ఒక జత చాలు.

ప్యాడ్ మారితే సౌండ్ ఎందుకు మారుతుంది?

ప్యాడ్ పని మెత్తగా ఉండటం ఒక్కటే కాదు. చెవి చుట్టూ గాలి బయటికి పోకుండా మూసి ఉంచేది కూడా అదే. వెనక భాగం మూసి ఉండే హెడ్‌ఫోన్లలో బేస్, అంటే తబలాలో డగ్గా మోత, ఖవ్వాలీలో ఢోలక్ దెబ్బ లాంటి లోతైన శబ్దం, ఈ మూత సరిగా ఉంటేనే వినిపిస్తుంది. ప్యాడ్ చిరిగినా, అణిగిపోయినా సందుల్లోంచి ముందు పోయేది బేస్. మాట, పాట వినిపిస్తూనే ఉంటాయి గానీ సౌండ్ పలచబడిపోతుంది. అప్పుడే మనం "స్పీకర్ పోయింది" అనుకుంటాం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, రెండు చేతులతో రెండు కప్పులనూ చెవులకు మెల్లగా అదమండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే లోపం ప్యాడ్లదే. ఏమీ మారకపోతే, లేదా ఒక పక్క గరగరలాడుతుంటే, ప్యాడ్లకు డబ్బు పెట్టేముందు రిపేర్ షాపులో ఒకసారి చూపించండి.

మందం కూడా లెక్కే. మందమైన ప్యాడ్ వేస్తే స్పీకర్ చెవికి దూరం జరుగుతుంది, సౌండ్ తీరు మారుతుంది. మరీ పలచనిది వేస్తే చెవి లోపలి ప్లాస్టిక్‌కి తగిలి అరగంటకే నొప్పి మొదలవుతుంది. అందుకే పాత ప్యాడ్ కొత్తగా ఉన్నప్పటి మందానికి దగ్గరగా ఉన్నదే తీసుకోవడం మంచిది.

చెవులకు దీనితో ఏం పని?

ఉంది, అదే అసలు సంగతి. ప్యాడ్ సరిగా మూయకపోతే ఫ్యాన్ మోత, రోడ్డు మీద హారన్లు, రైలు చప్పుడు లోపలికి వస్తాయి. పిల్లాడు వాల్యూమ్ పెంచుతాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ దాకా చెవిలో పాట పెట్టుకుని వెళ్లే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. 90 డెసిబెల్స్‌కి చేరితే వారానికి 4 గంటలే. పిల్లలకు పరిమితి ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పెద్ద శబ్దం వల్ల పోయిన వినికిడి మళ్లీ రాదు. చిరిగిన ప్యాడ్ వల్ల రోజూ రెండు గీతలు ఎక్కువ వాల్యూమ్ పెడుతున్నారంటే, ఆ ఖర్చు చెవులు కడుతున్నట్టే.

ముందు కొలత, తర్వాతే రంగు

మొదట మోడల్ పేరు చూడండి. కంపెనీ ఒకటే అయినా అన్నిటికీ ఒకే ప్యాడ్ సరిపోదు. ఉదాహరణకు బోట్ రాకర్జ్ 450 చెవి మీద ఆనే రకం, రాకర్జ్ 550 చెవిని మొత్తం చుట్టేసే రకం. ఒకదాని ప్యాడ్ ఇంకోదానికి పనికిరాదు.

మోడల్ పేరు చెరిగిపోయి ఉంటే స్కేలు తీసుకోండి. ప్యాడ్‌ని కాదు, అది కూర్చునే ప్లాస్టిక్ కప్పుని కొలవండి. గుండ్రంగా ఉంటే అడ్డకొలత చాలు. కోలగా ఉంటే పొడవు, వెడల్పు రెండూ రాసుకోండి. ప్యాడ్ లోపలి రంధ్రం కూడా చూడాలి. పెద్దవాళ్ల చెవి సుమారు 6 సెంటీమీటర్లు, అంతకంటే కాస్త ఎక్కువ పొడవు ఉంటుంది. చెవిని చుట్టేసే రకంలో రంధ్రం అంతకంటే చిన్నదైతే చెవి అంచులు నలుగుతాయి.

ప్యాడ్ ఎలా బిగిసి ఉందో కూడా చూసుకోండి. కొన్నిటికి వెనక సాగే అంచు ఉంటుంది, దాన్ని కప్పు గాడిలోకి లాగి తొడగాలి. కొన్ని ప్లాస్టిక్ క్లిప్పులతో టక్కున పడతాయి. కొన్నిటికి రెండువైపులా అంటుకునే టేపు ఉంటుంది. పాతదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి షాపులో చూపిస్తే సగం పని అయినట్టే.

ఏ రకం ఎవరికి?

పీయూ లెదర్: బాగా మూస్తుంది, బేస్ నిలుస్తుంది, తుడవడం తేలిక. కానీ వేసవిలో చెమట పడుతుంది, కొన్నేళ్లకు పెచ్చులూడుతుంది. "ప్రోటీన్ లెదర్" అన్నా ఇదే కుటుంబం, అసలు తోలు కాదు.

అసలు తోలు: ఎక్కువకాలం వస్తుంది, ధర ఎక్కువ. మంచి కంపెనీలు చాలావరకు గొర్రె తోలు అని పెట్టె మీద రాస్తాయి. ఏ జంతువు తోలో రాయకపోతే అమ్మేవాళ్లని అడిగి తెలుసుకున్నాకే కొనండి.

వెలూర్, అంటే మఖ్‌మల్ లాంటి గుడ్డ: గాలి ఆడుతుంది, మన ఉక్కపోతకు హాయి. కానీ గాలి బయటికి పోతుంది కాబట్టి, తోలు రకంతో వచ్చిన హెడ్‌ఫోన్‌కి ఇది వేస్తే బేస్ తగ్గుతుంది. కొన్ని హెడ్‌ఫోన్లను మాత్రం కంపెనీయే వెలూర్‌తో తయారుచేస్తుంది. స్టూడియోల్లో వాడే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్ అలాంటిదే. దానికి తోలు రకం వేస్తే ఆ సౌండే మారిపోతుంది. కంపెనీ ఏ రకం ఇచ్చిందో ఆ రకమే వేయడం అన్నిటికంటే క్షేమం.

లోపలి ఫోమ్ విషయానికొస్తే, నొక్కితే మెల్లగా పైకి లేచే మెమరీ ఫోమ్ చెవికి సుఖం. వెంటనే ఎగిరి లేచే చవక ఫోమ్ త్వరగా అణిగిపోతుంది.

హిజాబ్, కళ్లజోడు ఉంటే

హిజాబ్ మీద హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ప్యాడ్‌కి, చర్మానికి మధ్య గుడ్డ వస్తుంది. కళ్లజోడు కాడ కూడా అలాగే సందు చేస్తుంది. రెండిట్లోనూ బేస్ కొంత పోతుంది. ఆన్‌లైన్ క్లాసు వినడానికి ఇబ్బంది లేదు, మాట స్పష్టంగానే ఉంటుంది. అయినా చెవి దగ్గర మడతలు లేకుండా ఒకే పొర పలచని గుడ్డ ఉండేలా చూసుకోండి. పిన్నులు ప్యాడ్ కింద రానివ్వకండి, గుచ్చుకుంటే పూత అక్కడినుంచే చిరుగుతుంది. ఇలాంటివారికి మెత్తటి మెమరీ ఫోమ్ నప్పుతుంది. అది గుడ్డ చుట్టూ, కాడ చుట్టూ ఒదిగిపోతుంది.

శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లతో జాగ్రత్త

బయటి మోతను తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లలో చాలావాటికి కప్పు లోపల కూడా మైక్ ఉంటుంది. ప్యాడ్ సరిగా మూయకపోతే ఆ పని చెడుతుంది. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4 లాంటి వాటిలో, పెట్టుకున్నామా తీసేశామా అని కనిపెట్టే సెన్సర్ కూడా లోపలే ఉంటుంది. ప్యాడ్ దానికి అడ్డొస్తే పాట దానంతట అదే ఆగిపోవచ్చు. వీటికి కంపెనీ ప్యాడ్, లేదా అదే మోడల్ కోసం చేసినదే తీసుకోండి.

మార్చేటప్పుడు

స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. వేళ్లతో అంచు పట్టుకుని మెల్లగా లాగండి, రాకపోతే పాత ప్లాస్టిక్ కార్డు వాడండి. స్పీకర్ మీద ఉండే పలచని గుడ్డనో, ఫోమ్ బిళ్లనో పారేయకండి. అది కూడా సౌండ్‌లో భాగమే. కొత్తవి తొడిగాక ఇందాకటి పరీక్షే మళ్లీ చేయండి. కప్పులు అదిమినా బేస్ పెద్దగా మారకపోతే ప్యాడ్ సరిగ్గా కుదిరినట్టు. తిరిగిచ్చే గడువు దాటకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

ఆ తర్వాత వాడినప్పుడల్లా పొడిగుడ్డతో తుడవండి. తలకి నూనె రాసుకున్న రోజు హెడ్‌ఫోన్ జోలికి పోకండి. అన్నిటికంటే ముఖ్యం, ప్యాడ్లు మార్చిన రోజే వాల్యూమ్ ఎక్కడ పెడుతున్నారో చూడండి. ముందుకంటే రెండు గీతలు తక్కువతోనే బాగా వినిపిస్తుంటే, మీరు పెట్టిన డబ్బు చెవులకు మేలు చేసినట్టే.