పెట్టెలోని పెద్ద తుపాకి

తండ్రిగారు గతించిన పిదప అన్నదమ్ములు ఆస్తి పంచుకొను దినమున మేడమీది కఱ్ఱపెట్టె తెఱవబడును. దస్తావేజుల క్రింద, తోలుసంచిలో, బరువైన రెండు గొట్టముల రైఫిలు ఒకటి బయటపడును. "తాతగారు పెద్దపులిని కొట్టిన తుపాకి" అని ఒకరందురు. "దొరగారు బహూకరించినది" అని మఱొకరందురు. "పోలీసుల బాధ మనకేల? ఏటిలో పాఱవేయుడు" అని వేఱొకరందురు. పూర్వపు జమీందారీ, జాగీర్దారీ కుటుంబములలో ఇట్టి సంభాషణ క్రొత్తది కాదు. ఎస్టేటులు 1948 శాసనముతోడను, జాగీరులు 1949 లోను పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటయు ముగిసినది. తుపాకి మాత్రము మిగిలినది. దాని కథ ఇంటివారు మఱచినను ఇనుము మఱవలేదు. చదువ నేర్చినవారికి అది యొక శాసనమువంటిది.

చదువుటకు ముందు చేయవలసినవి రెండు. లోపల తూటా యున్నదో లేదో తెలిసినవానిచేత చూపింపవలెను. అంతవఱకు మీటపై వ్రేలు వేయరాదు. రెండవది, త్రుప్పు వదలించెదమని ఇసుకకాగితముతో తోమరాదు. చింతపండుతో ఇత్తడి చెంబును తోమినట్లు తోమినచో అక్షరములు పోవును. అక్షరములతో చరిత్రయు పోవును.

మొదట ఆకారమును చూడవలెను. వెలుపలికి కనబడు సుత్తులు గల జోడుగొట్టములు సాధారణముగా పాతకాలపువి. సుత్తులు లోపల నిమిడియున్నవి తరువాతివి. క్రిందికి లాగు మీటతో తెఱచుకొను ఒంటిగొట్టముది మార్టినీ జాతికి చెందినది కావచ్చును. పిమ్మట గొట్టములమీది పేరు చదువవలెను. ఇచ్చట తఱచు పొరపాటు కలుగుచున్నది. కలకత్తా మాంటన్ కంపెనీ, రోడా కంపెనీ, మదరాసు పి. ఆర్ అండ్ సన్స్ మొదలైన పేరులు అమ్మిన దుకాణమును తెలుపుచుండును. తుపాకిని చేసిన కార్ఖానా పలుమాఱు బర్మింగుహాములో నుండును. దుకాణము పేరు చూచి పనివాని పేరు నిర్ణయింపరాదు.

అసలు సాక్ష్యము దాగియున్న చోటు వేఱు. గొట్టముల క్రింది ముందుకఱ్ఱను ఊడదీసినచో, చదునైన భాగమున చిన్న చిన్న ముద్రలు కనబడును. ఇంగ్లండులో ఏ తుపాకియు పరీక్ష కాక అమ్మరాదని చట్టము కలదు. పరీక్షాలయములు రెండు, లండనులో నొకటి, బర్మింగుహాములో నొకటి. కిరీటము క్రింద అడ్డముగా పెట్టిన రాజదండములున్నచో అది 1904 కు పూర్వపు బర్మింగుహాము ముద్ర. కిరీటము క్రింద బి.పి., బి.వి. అక్షరములున్నచో 1904 నాటి నిబంధనల తరువాతిది. ఎన్.పి. అను అక్షరములున్నచో పొగలేని మందుతో పరీక్షింపబడినదని అర్థము. కొన్నిటిపై మందు తూకమును గుండు తూకమును కూడ చెక్కియుందురు. .577 నైట్రో రైఫిలునకు 100 గ్రెయినుల కార్డైటు, 750 గ్రెయినుల గుండు. 7000 గ్రెయినులు ఒక పౌను గనుక ఆ గుండు సుమారు 49 గ్రాములు. ఏనుగును ఎదుర్కొనుటకు చేసిన ఆయుధమన్నమాట.

ఈ ముద్రలను చదువుట విద్వద్వినోదము మాత్రమే కాదు. ప్రాణములతో ముడిపడిన పని. .450 అను కొలతయే నల్లమందు కాలమునను ఉన్నది. 1898 లో రిగ్బీ కంపెనీ తెచ్చిన పొగలేని మందు రైఫిలునకును ఉన్నది. రెండింటి తూటాకును 3¼ అంగుళముల పొడవే. ఒకదాని తూటా మఱొకదానిలో చక్కగా పట్టును. నల్లమందునకై చేసిన గొట్టములో కార్డైటు తూటా పేల్చినచో గొట్టము పగిలి పేల్చినవాని చేతికే అపాయము రావచ్చును. గొట్టముపై చెక్కిన అంకె నమ్మదగినది కాకపోయినచో, నేర్పరియైన పనివాడు తూటాగది అచ్చు తీసి కొలతలు నిర్ణయించును. పండుగనాడు గాలిలోనికి ఒక్క దెబ్బ కాల్చి చూతమను ముచ్చట ఎంతమాత్రము పనికిరాదు.

ఇక కొలతలో దాగిన రాజకీయ చరిత్ర యొకటి కలదు. 1907 ప్రాంతమున ప్రభుత్వము .450 కొలత తుపాకులను, తూటాలను భారతదేశములోనికి రానీయరాదని నిషేధించినది. కారణమేమి? సైన్యమునుండి బయటికి ప్రాకిన మార్టినీ-హెన్రీ రైఫిలు గొట్టమును .450 కొలతదే. షికారు దొరల గుండ్లు తిరుగుబాటుదారుల తుపాకులకు పనికివచ్చునని పాలకుల భయము. ఆ నిషేధముచేతనే హాలండు కంపెనీ .465 ను, లాంగు కంపెనీ .470 ను, వెస్ట్లీ రిచర్డ్స్ .476 ను ముందుకు తెచ్చినవి. కావున మీ యింటి తుపాకి .450 అయినచో సాధారణముగా నిషేధమునకు పూర్వము వచ్చినది; .465 గాని .470 గాని అయినచో తరువాతిది. కొలత వెంట్రుకవాసి మాఱుటకు కారణము పులి కాదు, ఏనుగు కాదు. నిరాయుధులైన ప్రజలను జూచి సామ్రాజ్యము పడిన భయము.

ఆ భయము ఊహామాత్రము కాదు. 1914 ఆగస్టు 26న వంగ విప్లవకారులు పైన చెప్పిన రోడా కంపెనీ సరకులోనుండి 50 మౌజరు పిస్తోళ్లను, 46,000 తూటాలను తరలించుకొనిపోయిరి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 తుపాకులను పట్టుకొనెను. 1878 నాటి ఆయుధ చట్టపు నిబంధనలలో తెల్లవానికి మినహాయింపు, రైతునకు లైసెన్సు. ఆత్మరక్షణకు ఆయుధపు లైసెన్సులు ఇయ్యవలెననుట 1930 లో గాంధీ మహాత్ముని పదునొకండు కోరికలలో నొకటి. ఆ దినములలో మన యిండ్లకు రైఫిలు వచ్చుట ఎవరి అనుగ్రహముచేత, ఏ సేవకు బదులుగా అను ప్రశ్న వేసికొనక తప్పదు. సమాధానము సంతోషకరము కాకపోవచ్చును. అయినను తెలిసికొనదగినదే.

తెలిసికొనుటకు మార్గములున్నవి. తుపాకి సంఖ్యను వ్రాసికొని, ముద్రలకు ఛాయాచిత్రములు తీసి, చేసిన కంపెనీకి వ్రాయవచ్చును. హాలండు, రిగ్బీ, వెస్ట్లీ రిచర్డ్స్ వంటి కంపెనీల పాత ఖాతాలు నేటికిని ఉన్నవి. ఏ సంవత్సరమున, ఎవరికి, ఏ కొలతలో ఇచ్చిరో వానిలో దొరకవచ్చును. ఇంటిలోనే పాత లైసెన్సు, ఎస్టేటు లెక్కలు, షికారు ఛాయాచిత్రములు వెదకవలెను. వెనుక కఱ్ఱపై వెండి రేకు ఉన్నచో దానిని తీయరాదు. 1907 లో చంపావతి పులిని చంపినందులకు జిమ్ కార్బెట్టునకు బహూకరింపబడిన .275 రిగ్బీ రైఫిలు చరిత్రను అట్టి రేకుయే నిలిపినది. 2015 లో ఆ రైఫిలు తిరిగి రిగ్బీ కంపెనీకే చేరినది.

చట్టమును దాచిపెట్టి చరిత్రను వెదకుట తగదు. పాతదగుటచేతనే లైసెన్సు అక్కఱలేదనుట పొరపాటు. బాగుచేసినను పేలనిదానికే 1959 నాటి చట్టములో మినహాయింపు. లైసెన్సుదారుడు పోయిన వెంటనే ఆయుధమును సమీప ఠాణాలో గాని, లైసెన్సుగల వర్తకునియొద్ద గాని అప్పగించి రసీదు తీసికొనవలెను. పిదప వారసుడు తన పేర లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. లేదా అర్హునకు అమ్మవచ్చును. 2019 సవరణ ప్రకారము వారసత్వముగా వచ్చినదానితో కలిపి ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించరాదు. సంఖ్యలను, గుఱుతులను చెఱిపివేయుట నేరము.

కావున సోదరులారా, ఆ పెట్టెను మరల మూయకుడు, ఏటిలో పాఱవేయకుడు. అప్పగించుటకు ముందే ముద్రలను చిత్రించి, సంఖ్యను వ్రాసి, ఇంటి పెద్దల నోటి మాటను కాగితముపై పెట్టుడు. తుపాకి మీ చేతిలో నిలువవచ్చును, నిలువకపోవచ్చును. దానిపై చెక్కబడినది చదివి యుంచినచో, పులిని కొట్టినవారి గర్వముతోపాటు అడవిలో డప్పులు కొట్టి పులిని తోలిన కూలివారి కథయు, లైసెన్సునకై కచ్చేరి మెట్లెక్కి వేచిన దినములును మీ బిడ్డలకు దక్కును.